రోగనిరోధక వ్యవస్థ: చంపడం కన్నా గుర్తుపట్టడమే కష్టం

రోగనిరోధక శక్తిని మనం మామూలుగా ఒంట్లో ఉండే ఒక నిల్వలా ఊహించుకుంటాం. అది కొందరిలో ఎక్కువగా, కొందరిలో తక్కువగా ఉంటుందని, ఎంత పెంచుకుంటే అంత మేలని అనుకుంటాం. పోషకాహారం అందనివారిలో, నిద్ర చాలనివారిలో, వయసు మీరినవారిలో అది బలహీనపడుతుంది కాబట్టి ఈ ఊహకు కొంత ఆధారం లేకపోలేదు. అయితే ఆ వ్యవస్థ పనితీరును దగ్గరగా గమనిస్తే వేరొక సంగతి బయటపడుతుంది. సూక్ష్మజీవిని చంపడానికి కావలసిన సాధనాలు మన శరీరంలో పుష్కలంగా ఉన్నాయి. వాటికి పరాయి కణానికీ సొంత కణానికీ తేడా తెలియదు, దేన్నైనా నాశనం చేయగలవు. కాబట్టి ఆ వ్యవస్థ ముందున్న అసలు సమస్య ఎవరిపై ఆ సాధనాలను వాడాలో తేల్చుకోవడం, పని పూర్తయ్యాక వాటిని ఆపడం. దాని నిర్మాణంలోని చిక్కుముడులన్నీ ఈ రెండు అవసరాల నుంచి పుట్టినవే.

నిజానికి చాలా సూక్ష్మజీవులతో పోరాడవలసిన అవసరమే రాదు. చర్మం పైపొరలోని మృతకణాల గట్టిదనం, శ్వాసనాళాల్లోని జిగురును నిరంతరం పైకి నెట్టే సన్నని నూగు, జీర్ణాశయంలోని ఆమ్లం, కన్నీటిలోనూ లాలాజలంలోనూ ఉండే లైసోజైమ్ అనే ఎంజైమ్ వాటిలో అత్యధిక భాగాన్ని గడప దగ్గరే నిలిపివేస్తాయి. బాక్టీరియా గోడను కరిగించే ఈ లైసోజైమ్‌ను అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1922లో, అంటే పెన్సిలిన్‌ను గమనించడానికి కొన్నేళ్ల ముందే, వెల్లడించాడు. అసలు కథ ఈ అడ్డుగోడలకు గండి పడినప్పుడు మొదలవుతుంది.

ముల్లు దిగిన చోట

అరికాలిలో ముల్లు దిగిందనుకుందాం. ముల్లుతో పాటు చర్మం కిందికి బాక్టీరియాలు కూడా చేరాయి. అక్కడి కణజాలంలోనే స్థిరంగా ఉండే మాక్రోఫేజ్‌లు అనే పెద్ద కణాలు వాటిని త్వరలోనే పసిగట్టి, పట్టుకుని మింగడం మొదలుపెడతాయి. మింగుతూనే సైటోకైన్లు అనే రసాయన సంకేతాలను చుట్టూ వెదజల్లుతాయి. అక్కడే ఉండే మాస్ట్ కణాలు అనే మరో రకం కణాలు వదిలిన హిస్టమిన్ అనే రసాయనం వల్ల చుట్టుపక్కల సన్నని రక్తనాళాలు వెడల్పయి, వాటి గోడల్లోని కణాల మధ్య సందులు ఏర్పడి, రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా బయటికి ఊరుతుంది. ఆ చోటు ఎర్రబడటం, వేడెక్కడం, వాయడం, సలపడం అనే నాలుగు లక్షణాలూ ఇక్కడి నుంచి వచ్చినవే. వాపును మనం రోగలక్షణంగా చూస్తాం గాని, చాలావరకు అది శరీరం తనంతట తాను తెరిచిన దారి. రక్తంలో ఉన్న రక్షణ సామగ్రి కణజాలంలోకి చేరాలంటే నాళాల గోడలు వదులు కావలసిందే.

ఆ దారిన ముందుగా వచ్చేవి న్యూట్రోఫిల్లు అనే తెల్ల రక్తకణాలు. రక్తప్రవాహంలో కొట్టుకుపోతున్న న్యూట్రోఫిల్ ఆ చోటికి రాగానే నాళం గోడ మీద దొర్లుతూ వేగం తగ్గించుకుని, గోడకు గట్టిగా అతుక్కుని, తన దేహాన్ని సన్నగా సాగదీసి కణాల మధ్య సందులోంచి బయటికి దూరుతుంది. బాక్టీరియాను మింగాక దాన్ని తనలోని ఒక చిన్న సంచిలో బంధించి, తీవ్రమైన ఆక్సిజన్ సమ్మేళనాలతోనూ, బట్టల మరకలు పోగొట్టే బ్లీచ్‌లో పనిచేసే హైపోక్లోరస్ ఆమ్లంతోనూ దాన్ని నాశనం చేస్తుంది. కొన్ని న్యూట్రోఫిల్లు చనిపోతూ తమ డీఎన్‌ఏనే వలలా బయటికి విసిరి బాక్టీరియాలను అందులో చిక్కించుకుంటాయని 2004లో వెల్లడైంది. ఈ కణాల ఆయుష్షు చాలా తక్కువ. అందుకే ఎముక మూలుగ రోజుకు సుమారు 10,000 కోట్ల న్యూట్రోఫిల్లను తయారుచేస్తూ ఉంటుంది. రెండు మూడు రోజుల తరువాత ముల్లు దిగిన చోట చేరే చీములో అధిక భాగం చనిపోయిన న్యూట్రోఫిల్లే.

కణాలు సూక్ష్మజీవులను మింగి శరీరాన్ని కాపాడతాయన్న ఆలోచన కూడా ఒక ముల్లుతోనే మొదలైంది. 1882లో ఇటలీలోని మెస్సీనాలో రష్యన్ జీవశాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్ పారదర్శకంగా ఉండే నక్షత్రచేప లార్వాల్లో ముళ్లు గుచ్చి ఉంచాడు. మర్నాడు చూస్తే ఆ ముళ్ల చుట్టూ సంచార కణాలు గుమిగూడి కనిపించాయి. రక్తద్రవంలోని పదార్థాలే రక్షణకు మూలమని వాదించిన వర్గానికీ, మెచ్నికోవ్ వర్గానికీ ఆ తరువాత చాలాకాలం వాదం నడిచింది. చివరికి 1908లో నోబెల్ బహుమతిని మెచ్నికోవ్‌కూ, సూక్ష్మజీవులకు అతుక్కునే రక్తంలోని ప్రోటీన్లైన యాంటీబాడీల సిద్ధాంతకర్త పాల్ ఎర్లిక్‌కూ కలిపి ఇచ్చారు. ఇద్దరూ చెప్పినది నిజమేనని నేడు మనకు తెలుసు. ప్రధానంగా కాలేయంలో తయారై రక్తంలో తిరిగే కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల సమూహం ఇందుకు మంచి ఉదాహరణ. అది బాక్టీరియా మీద పూతలా పరుచుకుని మింగే కణాలకు పని సులువు చేస్తుంది. కొన్నిసార్లు ఏ కణం సాయమూ లేకుండా బాక్టీరియా పొరకు తానే రంధ్రాలు పొడుస్తుంది.

ఇంతకీ మాక్రోఫేజ్‌కు ఎదురుగా ఉన్నది బాక్టీరియా అని ఎలా తెలిసింది? ఈ ప్రశ్నకు 20వ శతాబ్దం చివరిదాకా సరైన సమాధానం దొరకలేదు. మన కణాల్లో ఎన్నడూ ఉండని, సూక్ష్మజీవులు మాత్రం వదులుకోలేని కొన్ని అణునిర్మాణాలను గుర్తించే గ్రాహకాలు శరీరంలో పుట్టుకతోనే ఉండాలని 1989లో శాస్త్రవేత్త చార్లెస్ జేన్‌వే ప్రతిపాదించాడు. ఫలాలపై వాలే ఈగల్లో టోల్ అనే జన్యువు శిలీంధ్రాల నుంచి రక్షణ ఇస్తుందని 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందం, ఎలుకల్లో అదే కోవకు చెందిన గ్రాహకం కొన్ని బాక్టీరియాల గోడలోని లైపోపాలిసాకరైడ్‌ను గుర్తిస్తుందని 1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం నిరూపించాయి. బాక్టీరియా ఈదడానికి వాడే తోకలోని ప్రోటీన్, వైరస్‌లు పెరిగేటప్పుడు ఏర్పడే జంట పోగుల ఆర్‌ఎన్‌ఏ వంటివాటికి కూడా ఇలాంటి గ్రాహకాలే ఉన్నాయి. సూక్ష్మజీవి ఈ భాగాలను మార్చుకుని తప్పించుకోవాలంటే తన మనుగడనే పణంగా పెట్టవలసి ఉంటుంది కాబట్టి ఈ పద్ధతి కోట్ల సంవత్సరాలుగా నిలిచింది.

ఈ గుర్తింపు ఎంత నిశితమైనదో ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల చరిత్ర చెబుతుంది. ప్రయోగశాలలో తయారైన ఆర్‌ఎన్‌ఏను కణాల్లోకి పంపినప్పుడల్లా ఈ గ్రాహకాలు దాన్ని పరాయిదిగా పట్టుకుని తీవ్రమైన వాపును రేకెత్తించేవి. ఆర్‌ఎన్‌ఏలోని యూరిడిన్ అనే అక్షరం స్థానంలో దాని రూపాంతరమైన సూడోయూరిడిన్‌ను పెడితే ఆ పట్టు సడలుతుందని కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ 2005లో చూపించారు. ఆ చిన్న మార్పు లేకపోతే కోవిడ్ కాలపు ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు సాధ్యమయ్యేవి కావన్నది అతిశయోక్తి కాదు. 2023లో వారికి నోబెల్ బహుమతి లభించింది.

వైరస్‌ల విషయంలో ఇబ్బంది ఏమిటంటే అవి కణం లోపల దాగుతాయి. వైరస్ సోకిన కణం 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే శాస్త్రవేత్తలు కనుగొన్న ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదిలి, చుట్టూ ఉన్న కణాలు ముందుగానే తమలోని ప్రోటీన్ల తయారీని అదుపు చేసుకునేలా హెచ్చరిస్తుంది. ప్రమాదం ముదిరితే సైటోకైన్లు మెదడులోని హైపోథలామస్‌ను చేరి శరీర ఉష్ణోగ్రతను పెంచుతాయి. మనకు వచ్చే జ్వరం సాధారణంగా సూక్ష్మజీవి చేసే పని కాదు, మన శరీరం తీసుకున్న నిర్ణయం.

ఎన్నడూ చూడనిదాన్ని గుర్తించడం

ఇంతవరకూ చెప్పినది సహజ రోగనిరోధకత. అది వేగవంతమైనదే గాని, గుర్తించగలిగినవి కొన్ని తరగతులు మాత్రమే; ఒక వైరస్‌కూ దాని దగ్గరి చుట్టానికీ ఉన్న సన్నని తేడా దానికి తెలియదు. ఆ సన్నని తేడాను పట్టుకోవడం లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల పని. వాటికి వార్త చేరవేసేవి డెండ్రైటిక్ కణాలు. ముల్లు దిగిన చోట బాక్టీరియా ముక్కలను మింగిన డెండ్రైటిక్ కణం అక్కడే ఉండిపోకుండా, శోషరస నాళాల వెంట ప్రయాణించి దగ్గరలోని శోషరస గ్రంథిని చేరుతుంది. తను మింగినదాన్ని ముక్కలు చేసి, ఎమ్‌హెచ్‌సీ అనే ప్రోటీన్ల మీద నిలిపి, అక్కడ తిరుగాడే టీ లింఫోసైట్లకు చూపిస్తుంది. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ల కట్టడానికి కారణం ఇదే: ఆ గ్రంథిలో లింఫోసైట్లు పోగుపడి, విభజన చెంది, సంఖ్యలో విపరీతంగా పెరుగుతున్నాయన్నమాట.

డెండ్రైటిక్ కణం చూపించే ఆ ముక్కకు సరిపోయే గ్రాహకం ఉన్న టీ కణాలు చాలా అరుదు. లక్షకు ఒకటో, పది లక్షలకు ఒకటో ఉంటాయి. కాని ఒకటైనా ఉంటుంది. నా దృష్టిలో మొత్తం జీవశాస్త్రంలోనే అత్యంత ఆశ్చర్యకరమైన సంగతి ఇది. ప్రకృతిలో ఇంకా పుట్టని వైరస్‌కు, రసాయన శాస్త్రవేత్త నిన్ననే తయారుచేసిన అణువుకు కూడా సరిపోయే గ్రాహకం మన ఒంట్లో ముందే ఎలా సిద్ధంగా ఉంది? మానవ జన్యుపదార్థంలో ప్రోటీన్లను తయారుచేసే జన్యువులు సుమారు 20,000 మాత్రమే. బీ లింఫోసైట్లు అనే మరో రకం లింఫోసైట్లు గ్రాహకాలుగా వాడే యాంటీబాడీల రకాల సంఖ్య దానికి ఎన్నో రెట్లు మించి ఉంటుంది. ఒక్కో యాంటీబాడీకి ఒక్కో జన్యువు ఉండటం అసాధ్యం.

ఈ చిక్కును జపాన్ శాస్త్రవేత్త సుసుము టోనెగావా 1976లో విప్పాడు. యాంటీబాడీ జన్యువు శరీరంలో పూర్తి రూపంలో ఎక్కడా లేదు, ముక్కలుగా ఉంది. యాంటీబాడీలోని పెద్ద గొలుసుకు సంబంధించి వీ అనే రకం ముక్కలు సుమారు 40, డీ రకం ముక్కలు 20కి పైగా, జే రకం ముక్కలు 6 వరుసగా ఉంటాయి. ఎముక మూలుగలో ఒక బీ లింఫోసైట్ రూపుదిద్దుకునేటప్పుడు, ఒక్కో రకం నుంచి ఏదో ఒక ముక్క యాదృచ్ఛికంగా ఎంపికై, మధ్యలో ఉన్న డీఎన్‌ఏ కత్తిరింపునకు గురై, ఆ మూడు ముక్కలూ అతుక్కుంటాయి. చిన్న గొలుసులోనూ ఇలాంటిదే జరుగుతుంది. కొద్దిపాటి అక్షరాలతో లెక్కలేనన్ని మాటలు కూర్చినట్లు, ఈ కలయికలతోనే పదిహేను ఇరవై లక్షల రకాలు ఏర్పడతాయి. దాంతో ఆగదు. ముక్కలు అతుకుపడే చోట ఒక ఎంజైమ్ ఏ మూసనూ అనుసరించకుండా కొన్ని డీఎన్‌ఏ అక్షరాలను అదనంగా చేరుస్తుంది, కొన్ని రాలిపోతాయి. ఈ అతుకుల వల్ల వైవిధ్యం వేల కోట్లను దాటుతుంది. శరీరంలోని ప్రతి కణంలోనూ డీఎన్‌ఏను ఎంతో జాగ్రత్తగా కాపాడుకునే జీవి, ఈ ఒక్కచోట మాత్రం దాన్ని కావాలని తెంచి, తోచినట్లు అతికిస్తుంది. అతుకు సరిగా కుదరక పనికిరాకుండా పోయే కణాలెన్నో చనిపోతాయి. అది ఈ పద్ధతికి చెల్లించే మూల్యం.

ఇలా ఒక్కో లింఫోసైట్ ఒక్కో ప్రత్యేక గ్రాహకంతో పుడుతుంది. సూక్ష్మజీవి వచ్చాక దానికి తగిన గ్రాహకాన్ని శరీరం కొత్తగా అచ్చువేయదు. అప్పటికే ఉన్నవాటిలో సరిపోయినదాన్ని ఎంచి, దాన్నే లక్షల సంఖ్యలో పెంచుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన ఫ్రాంక్ మాక్‌ఫర్లేన్ బర్నెట్ 1957లో ప్రతిపాదించిన ఈ సిద్ధాంతాన్ని క్లోనల్ ఎంపిక అంటారు. తొలిసారి సోకిన జబ్బు తగ్గడానికి వారం పది రోజులు ఎందుకు పడుతుందో కూడా దీనివల్ల అర్థమవుతుంది: అరుదైన కణం దొరకాలి, అది పదేపదే విభజన చెందాలి, అప్పుడుగాని పనికి వచ్చేంత సైన్యం తయారు కాదు.

గ్రాహకాలు యాదృచ్ఛికంగా పుడుతున్నాయంటే వాటిలో కొన్ని మన సొంత కణాలనే పట్టుకునేవి కూడా తప్పకుండా ఉంటాయి. అందుకే టీ కణాలు ఛాతీలో గుండెకు పైన ఉండే థైమస్ గ్రంథిలో కఠినమైన వడపోతకు లోనవుతాయి. ఈ గ్రంథి ప్రాముఖ్యాన్ని 1961లో జాక్వెస్ మిల్లర్ బయటపెట్టేవరకు దాన్ని పనిలేని అవయవంగానే భావించేవారు. థైమస్‌లోని కొన్ని కణాలు ఏఐఆర్‌ఈ అనే జన్యువు సాయంతో క్లోమం, కాలేయం వంటి అవయవాలకు మాత్రమే చెందిన ప్రోటీన్లను కూడా కొద్ది కొద్దిగా తయారుచేసి చూపిస్తాయి. వాటిని గట్టిగా పట్టుకున్న టీ కణానికి అక్కడే ఆయువు తీరుతుంది. ఎమ్‌హెచ్‌సీని అసలే గుర్తించలేనిది కూడా బతకదు. థైమస్‌లో పుట్టిన కణాల్లో నూటికి 95కి పైగా బయటికి రాకుండానే చనిపోతాయి. ఏఐఆర్‌ఈ జన్యువు లోపించినవారిలో ఒకేసారి అనేక గ్రంథులపై సొంత రోగనిరోధక వ్యవస్థే దాడి చేయడం ఈ వడపోత ఎంత అవసరమో తెలుపుతుంది.

వడపోత దాటి, గ్రంథిలో ప్రేరణ పొందిన టీ కణాలు రెండు ప్రధాన విధులు చేపడతాయి. సీడీ8 రకం కణాలు వైరస్ సోకిన కణాలను వెతికి, పెర్ఫోరిన్ అనే ప్రోటీన్‌తో వాటి పొరకు రంధ్రం చేసి, వాటంతట అవే చనిపోయే ప్రక్రియను లోపల మొదలుపెట్టిస్తాయి. సీడీ4 రకం సహాయక కణాలు నేరుగా చంపడం కన్నా అనుమతి ఇచ్చే పనినే ఎక్కువగా చేస్తాయి. బీ కణం ఒక పదార్థాన్ని గుర్తించినా, చాలా సందర్భాల్లో అదే పదార్థపు ముక్కను గుర్తించిన సహాయక టీ కణం కూడా ఒప్పుకుంటేనే పూర్తిస్థాయిలో ముందుకు సాగుతుంది. తొందరపాటును నివారించే జంట సంతకం లాంటి ఈ ఏర్పాటు సహాయక కణాలను వ్యవస్థకు కేంద్రస్థానంగా మార్చింది. అదే దాని బలహీనత కూడా అయింది. హెచ్‌ఐవీ ఎంచుకున్నది సరిగ్గా ఈ సీడీ4 కణాలనే. మైక్రోలీటరు రక్తంలో వాటి సంఖ్య 200 కన్నా తగ్గితే, మామూలుగా మనల్ని ఏమీ చేయలేని శిలీంధ్రాలు కూడా ప్రాణాంతకమవుతాయి.

అనుమతి పొందిన బీ కణాలు శోషరస గ్రంథిలో తమ యాంటీబాడీ జన్యువులో కావాలనే పొరపాట్లు చేసుకుంటూ విభజన చెందుతాయి. వాటిలో సూక్ష్మజీవిని మరింత గట్టిగా పట్టుకునేవే మిగులుతాయి. అందుకే ఇన్‌ఫెక్షన్ మొదట్లో కన్నా కొన్ని వారాల తరువాత తయారయ్యే యాంటీబాడీలు మెరుగ్గా ఉంటాయి. యాంటీబాడీ తనంతట తాను చాలా సందర్భాల్లో ఎవరినీ చంపదు. వైరస్‌లో మన కణానికి అతుక్కునే భాగాన్ని కప్పేయడం, విషాన్ని నిర్వీర్యం చేయడం, మింగే కణాలకూ కాంప్లిమెంట్‌కూ గుర్తు పెట్టి చూపడం దాని పని. తల్లి నుంచి మాయ ద్వారా ఐజీజీ రకం, చనుబాల ద్వారా ఐజీఏ రకం బిడ్డకు అందుతాయి కాబట్టి, సొంత అనుభవం లేని తొలి నెలల్లో శిశువును తల్లి అనుభవమే కాపాడుతుంది.

జ్ఞాపకం

ఇన్‌ఫెక్షన్ తగ్గాక పెరిగిన లింఫోసైట్లలో అధిక భాగం చనిపోతాయి. కొద్దిపాటి జ్ఞాపక కణాలు, ఎముక మూలుగలో స్థిరపడి యాంటీబాడీలను చేస్తూనే ఉండే ప్లాస్మా కణాలు మిగులుతాయి. ఈ జ్ఞాపకం ఎంతకాలం నిలుస్తుందో చెప్పే అందమైన సాక్ష్యం ఫారో దీవుల్లో దొరికింది. అక్కడ 1781లో తట్టు వ్యాపించి, తరువాత 65 ఏళ్ల పాటు ఆ జాడే లేకుండా పోయింది. 1846లో అది మళ్లీ వచ్చి దీవుల జనాభాలో అత్యధికులకు సోకినప్పుడు, పరిశీలనకు వెళ్లిన డెన్మార్క్ యువ వైద్యుడు పీటర్ పానుమ్ ఒక విషయం గమనించాడు: 1781లో తట్టు సోకి బతికిన వృద్ధులెవరికీ అది రెండోసారి రాలేదు. మధ్యలో ఒక్కసారి కూడా ఆ వైరస్ ఎదురుపడకపోయినా వారి శరీరాలు దాన్ని మరచిపోలేదు.

జబ్బు పడకుండానే ఈ జ్ఞాపకాన్ని కల్పించడమే టీకా. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ గోమశూచి రసితో మొదలుపెట్టిన పని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి నిర్మూలనను ప్రకటించేవరకు సాగింది. కొన్ని సందర్భాల్లో టీకా జబ్బు కన్నా మంచి గురువు. ముల్లు గుచ్చుకున్నప్పుడు వచ్చే అవకాశమున్న ధనుర్వాతాన్నే తీసుకుంటే, ప్రాణం తీయడానికి చాలినంత విషం కూడా రోగనిరోధక వ్యవస్థ దృష్టికి వచ్చేంత పరిమాణంలో ఉండదు. అందుకే ధనుర్వాతం నుంచి బతికి బయటపడినవారికి కూడా టీకా వేయవలసి వస్తుంది.

జ్ఞాపకాన్ని వమ్ము చేసే మార్గాలు సూక్ష్మజీవులకూ ఉన్నాయి. ఫ్లూ వైరస్ తన పైపొర ప్రోటీన్లను ఏటేటా కొద్ది కొద్దిగా మార్చుకుంటూ పాత యాంటీబాడీలకు అందకుండా పోతుంది. తట్టు వైరస్ చేసేది ఇంతకన్నా దారుణం. అది జ్ఞాపక కణాలకే సోకి వాటిని నాశనం చేస్తుంది. టీకా వేయించుకోని పిల్లలపై జరిపి 2019లో ప్రచురించిన పరిశీలనలో, తట్టు వచ్చి తగ్గాక వారిలో ఇతర వ్యాధులపై అంతకుముందున్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా కనుమరుగైనట్లు తేలింది. తట్టు టీకా తట్టు నుంచి మాత్రమే కాక, దాని వెనుక వచ్చే ఇతర జబ్బుల నుంచి కూడా పిల్లలను కాపాడుతుంది. ఈ సంగతి ప్రతి తల్లికీ తండ్రికీ తెలియాలని నేను బలంగా కోరుకుంటాను.

ఆగడం

ముల్లు దిగిన చోట జరిగిన వాపు ఒళ్లంతా జరిగితే ఏమవుతుంది? నాళాలన్నీ వదులై రక్తపోటు పడిపోతుంది, చిన్న నాళాల్లో రక్తం గడ్డకడుతుంది, అవయవాలకు ఆక్సిజన్ అందదు. దీన్నే సెప్సిస్ అంటారు. ఇందులో ప్రాణం మీదికి తెచ్చేది చాలావరకు బాక్టీరియా కన్నా, దానిపై అదుపు తప్పిన మన స్పందనే. కాబట్టి స్పందన ఎంత ముఖ్యమో, దాన్ని నిలిపే ఏర్పాటు కూడా అంతే ముఖ్యం.

థైమస్ వడపోతను తప్పించుకుని బయటికి వచ్చిన ప్రమాదకర కణాలను అదుపులో ఉంచే ప్రత్యేక టీ కణాలు ఉన్నాయని జపాన్‌లో షిమోన్ సకగుచి 1995లో చూపించారు. నియంత్రక టీ కణాలు అనే వీటికి ఆధారమైన ఫాక్స్‌పీ3 జన్యువు లోపిస్తే ఎలుకల్లోనూ, మగశిశువుల్లోనూ సొంత శరీరంపైనే రోగనిరోధక వ్యవస్థ దాడి చేసే తీవ్రమైన స్వయంప్రతిరక్షక వ్యాధి వస్తుందని మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ 2001లో కనుగొన్నారు. ఈ ముగ్గురికీ 2025లో నోబెల్ బహుమతి దక్కింది. ఇదిగాక ప్రేరణ పొందిన టీ కణాల ఉపరితలంలోనే సీటీఎల్‌ఏ-4, పీడీ-1 అనే నిరోధక గ్రాహకాలు ఉంటాయి. స్పందన కొంతదూరం సాగాక అవే కణాన్ని వెనక్కి లాగుతాయి. క్యాన్సర్ కణితులు ఈ గ్రాహకాలను తమకు అనుకూలంగా వాడుకుని టీ కణాలను నిద్రపుచ్చుతాయి. ఆ నిరోధాన్ని తొలగిస్తే టీ కణాలు కణితిపై విరుచుకుపడతాయని జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజో పరిశోధనలు చూపించాయి. వాటికి 2018లో నోబెల్ లభించింది. ఆ సూత్రంపై తయారైన మందులు మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ముదిరిన రోగుల్లో కొందరికి ఏళ్ల తరబడి ఆయుష్షును ఇచ్చాయి. అయితే ఆ మందులు తీసుకునేవారిలో చాలామందికి పేగుల్లో, చర్మంలో, థైరాయిడ్ గ్రంథిలో, కొందరికి ఊపిరితిత్తుల్లో కూడా వాపు వస్తుంది, ఎందుకంటే నిరోధం తొలగిన టీ కణాలన్నీ కణితినే వెతుక్కుంటూ పోవు. అది తీవ్రమైతే వైద్యులు మందును ఆపి, స్టెరాయిడ్లు ఇచ్చి, తాము లేపిన కణాలను తామే తిరిగి శాంతింపజేయవలసి వస్తుంది.